చదువూ సంసారమూ రెండూ నిలిచేలా కబ్బాలా సాధన ఎలా చేయాలి?

యూదుల రహస్య ఆధ్యాత్మిక విద్య అయిన కబ్బాలాకు మూలస్తంభమైన జోహర్ గ్రంథాన్ని యూదు సంప్రదాయం రెండో శతాబ్దికి చెందిన రబ్బీ (యూదు ధర్మపండితుడు) షిమోన్ బార్ యొహాయ్‌కి ఆపాదిస్తుంది. ఆ రబ్బీ గురించి, ప్రాచీన యూదు పండితుల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఒక కథ ఉంది. రోమన్ ప్రభుత్వం తనకు మరణశిక్ష విధించడంతో ఆయన కుమారుడు ఎలాజార్‌ను వెంటబెట్టుకొని ఒక గుహలో తలదాచుకున్నాడు. తినడానికి ఒక కరోబ్ చెట్టు, తాగడానికి ఒక నీటి ఊట మాత్రమే వారికి ఆధారం. బట్టలు చిరిగిపోకుండా విప్పి పక్కన పెట్టి, మెడ లోతు ఇసుకలో కూర్చొని, తండ్రీకొడుకులు పన్నెండేళ్లు తోరా (మోషే ధర్మశాస్త్రం) అధ్యయనంలో మునిగిపోయారు. బయటికి వచ్చిన రోజున పొలాల్లో జనం దున్నుతూ, విత్తుతూ కనిపించారు. శాశ్వతమైన జీవితాన్ని విడిచిపెట్టి వీళ్లు క్షణికమైన దాని కోసం పాటుపడుతున్నారని వారికి కోపం వచ్చింది, వారి చూపు పడిన చోటల్లా కాలిపోయింది. అప్పుడు ఆకాశవాణి వినిపించింది: "నా లోకాన్ని నాశనం చేయడానికా మీరు బయటికి వచ్చారు? మీ గుహకే తిరిగి వెళ్లండి."

మరో పన్నెండు నెలలు గడిచాక వారు మళ్లీ వచ్చారు. ఈసారి ఎలాజార్ చూపు ఎక్కడ గాయం చేస్తే అక్కడ తండ్రి చూపు దాన్ని మాన్పుతూ వచ్చింది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఒక ముసలాయన సువాసన గల మిర్టిల్ కొమ్మల కట్టలు రెండు పట్టుకొని పరుగున వెళ్తున్నాడు. ఎందుకని అడిగితే షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల వారపు విశ్రాంతి దినం) గౌరవార్థం అన్నాడు. ఒక్క కట్ట చాలదా అంటే, ధర్మశాస్త్రంలో షబ్బాత్‌ను జ్ఞాపకం ఉంచుకోమని ఒకచోట, ఆచరించమని ఇంకొకచోట ఉంది కాబట్టి ఒక్కో మాటకు ఒక్కో కట్ట అన్నాడు. అది విన్నాక వారి మనసు నెమ్మదించింది.

పన్నెండేళ్ల చదువు వారిని లోకంలోకి తిరిగి రావడానికి సిద్ధం చేయలేకపోయింది. ఆ చివరి పన్నెండు నెలల్లో వారు కొత్తగా ఏం చదివారో కథ చెప్పదు. మారింది మాత్రం కష్టం చేసుకునే మనిషి మీద వారి చూపు. కబ్బాలా దారిలో ఎదుగుదలను ఎక్కడ కొలవాలో ఈ కథ కంటే స్పష్టంగా చెప్పే పాఠం నాకు మరొకటి కనిపించలేదు. ఉద్యోగం, పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రుల బాధ్యత ఇవన్నీ మోస్తూనే ఈ విద్యను నేర్చుకోవాలని కోరుకునేవారి కోసం, ఆ సంప్రదాయం స్వయంగా చెప్పిన పద్ధతులను ఒక వరుసలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పునాది చూసుకోండి

కబ్బాలా గాలిలో వేలాడే తత్వశాస్త్రం కాదు. హీబ్రూ బైబిల్, మిష్నా (మౌఖిక ధర్మ సంకలనం), తాల్ముద్, రోజువారీ ప్రార్థనలు, ఆజ్ఞల ఆచరణ అనే నేల మీద పెరిగిన విద్య అది. తాల్ముద్‌లోనే ఒక హెచ్చరిక ఉంది. నలుగురు పండితులు 'పర్దేస్' అనే రహస్య జ్ఞానపు తోటలోకి ప్రవేశించారు. బెన్ అజ్జాయ్ చూసి మరణించాడు, బెన్ జోమా మతి కోల్పోయాడు, ఎలీషా బెన్ అబూయా విశ్వాసం నుంచి తొలగిపోయాడు, రబ్బీ అకీవా ఒక్కడే క్షేమంగా తిరిగి వచ్చాడు. 1666లో షబ్బతై జ్వీ అనే వ్యక్తి మెస్సీయగా చెలామణీ అయి చివరికి మతం మార్చుకోవడంతో యూదు సమాజాలు చాలా చోట్ల కకావికలయ్యాయి. ఆ తర్వాతి కాలంలో, 1756లో, బ్రోడీ నగరంలోని రబ్బీలు ముప్పై ఏళ్లు నిండనిదే జోహర్‌ను, నలభై నిండనిదే 16వ శతాబ్దపు కబ్బాలా గురువు లూరియా బోధల గ్రంథాలను చదవకూడదని కట్టడి చేశారు. ఈ వయసు నియమాలను అందరూ ఒకే తీరుగా పాటించలేదు. యిత్సహాక్ లూరియా మరణించే నాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. అయినా ఆ నియమాల వెనక ఉన్న ఆందోళన సహేతుకమైనదే: జీవితంలో కాలూనుకోకుండా రహస్య విద్య జోలికి వెళ్లవద్దని వారు చెప్పదలచుకున్నారు.

కాబట్టి మీరు జోహర్‌తో మొదలుపెట్టకండి. మొదటి కొన్ని నెలలు ఆదికాండము, నిర్గమకాండము, కీర్తనలు, మిష్నాలో నీతివాక్యాల భాగమైన పిర్కే అవోత్ చదవండి. తెలుగు బైబిల్‌తో పరిచయం ఉన్నవారికి ఈ మెట్టు సులువుగానే ఉంటుంది, ఎందుకంటే హనోకు, యాకోబు, యెహెజ్కేలు వంటి పేర్లు కబ్బాలా గ్రంథాల్లో అడుగడుగునా ఎదురవుతాయి. మీరు యూదులు కాకపోతే ఇంకొక జాగ్రత్త అవసరం. ఈ సంప్రదాయంలోని నీతి శిక్షణను, ఆలోచనా విధానాన్ని మీరు గౌరవంగా నేర్చుకోవచ్చు. కానీ యూదులు తమ ధర్మబద్ధమైన బాధ్యతగా చేసే కర్మలను అనుకరించడం, దైవనామాల అక్షరాలతో ప్రయోగాలు చేయడం తగదు.

చదువుకు వేళ కట్టండి, అది అప్పుగా భావించండి

"తీరిక దొరికినప్పుడు చదువుతాను అనకు, నీకు తీరికే దొరకకపోవచ్చు" అని ప్రాచీన పండితుడు హిల్లెల్ చెప్పిన మాట పిర్కే అవోత్‌లో ఉంది. దానికి పక్కనే, లోకవ్యవహారంతో కలిసిన తోరా అధ్యయనమే శ్రేష్ఠమని, ఏ పనీ లేని చదువు చివరికి నిష్ఫలమవుతుందని రబ్బాన్ గమలీయేల్ చెప్పిన మాట కూడా ఉంది. ఈ రెంటినీ కలిపి పట్టుకోవాలి.

ఇదే విషయం మీద తాల్ముద్‌లో ఒక వాదం నడిచింది. దున్నే కాలంలో దున్ని, కోసే కాలంలో కోసి, దానితో పాటే తోరా చదవాలని రబ్బీ ఇష్మాయేల్ అన్నాడు. అలా ఒక్కో కాలానికి ఒక్కో పని చేస్తూ పోతే తోరా గతి ఏమవుతుందని షిమోన్ బార్ యొహాయ్ ఎదురు ప్రశ్న వేశాడు. తరాల తర్వాత అబాయే అనే పండితుడు అనుభవాన్ని బట్టి తీర్పు చెప్పాడు: ఇష్మాయేల్ చెప్పినట్టు చేసినవారు చాలామంది నిలబడ్డారు, షిమోన్ చెప్పినట్టు చేసిన చాలామంది నిలబడలేకపోయారు. అబాయే సమకాలికుడైన రావా ఇంకొంత ముందుకు వెళ్లి, యూదు పంచాంగంలోని నీసాన్, తిష్రీ నెలల్లో తన ముందుకు రావద్దని శిష్యులకు చెప్పాడు. అవి కోతలు, నూనె, ద్రాక్షరసం పనులు సాగే నెలలు. అప్పుడు కష్టపడితే మిగిలిన సంవత్సరమంతా తిండి గురించి బెంగ ఉండదన్నది ఆయన ఆలోచన. గురువే శిష్యులను పనిలోకి పంపిన ఈ ఉదాహరణను నేటి ఉద్యోగులు మరచిపోకూడదు. సంవత్సరాంతపు లెక్కల సమయంలోనో, పిల్లల పరీక్షల నెలలోనో మీ చదువు తగ్గితే అది పతనం కాదు.

ఆచరణలో ఇలా చేయండి. రోజుకు అరగంట చాలు, కానీ అది ప్రతిరోజూ ఒకే వేళకు ఉండాలి. ఆ అరగంటను మీ నిద్ర నుంచో, ఫోన్ చూసే సమయం నుంచో తీయండి. భార్యతో లేదా భర్తతో మాట్లాడుకునే వేళ నుంచో, పిల్లలు అన్నం తినే వేళ నుంచో తీయకండి. ఇంట్లో వారికి ముందే చెప్పి ఒప్పించండి. ఒక్కో రోజు ఒక్క పేరా మాత్రమే చదివి, అది అడిగే ప్రశ్నను ఒక వాక్యంలో పుస్తకంలో రాసుకోండి. ఏ రోజైనా తప్పిపోతే దానికీ ఒక సంప్రదాయం ఉంది. రవ్ ఆహా బార్ యాకోవ్ తన చదువును అప్పుగా తీసుకొని తిరిగి చెల్లించేవాడట, అంటే పగలు పని ఒత్తిడిలో తప్పిన అధ్యయనాన్ని ఆ రాత్రే పూర్తి చేసేవాడు. మీరూ అలాగే ఒక రోజు బాకీని మరుసటి రోజులోపు తీర్చండి, వారాల తరబడి పోగుపడనివ్వకండి. పోగుపడిన బాకీ అపరాధ భావంగా మారుతుంది, అపరాధ భావంతో పుస్తకం మూసేసినవారే ఎక్కువ.

పది సెఫిరోత్‌ను నడవడికి పటంగా నేర్చుకోండి

అనంతుడైన దేవుడు లోకంతో సంబంధం పెట్టుకునే పది విధాలను కబ్బాలా సెఫిరోత్ అంటుంది. అవి కెతెర్ (కిరీటం), హోఖ్మా (జ్ఞానం), బీనా (వివేచన), హెసెద్ (ధారాళమైన కరుణ), గెవురా (కట్టడి, తీర్పు), తిఫెరెత్ (సమన్వయ సౌందర్యం), నెత్సహ్ (పట్టుదల), హోద్ (వినమ్రత), యెసోద్ (అనుసంధానం), మల్ఖూత్ (రాజ్యం, అంటే ఆచరణ జరిగే చోటు). వాటి చిత్రపటాన్ని కంఠస్థం చేసి, రంగులు, గ్రహాలు, అక్షరాలు అంటూ అక్కడే ఆగిపోయేవారు చాలామంది. ఆ తప్పుదారి పట్టకుండా కాపాడే పుస్తకం ఒకటి 16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ పట్టణంలో పుట్టింది. దాన్ని రాసిన మోషె కోర్దోవెరో (1522–1570) కబ్బాలా సిద్ధాంతమంతటినీ క్రమబద్ధం చేసి ఉద్గ్రంథం రాసిన మహాపండితుడు. అంతటి మనిషి 'తోమెర్ దెవోరా' అనే చిన్న పుస్తకంలో, దేవుని స్వరూపంలో సృష్టించబడిన మనిషి దేవుని గుణాలను ఎలా అనుకరించాలో ఒక్కో సెఫిరా చొప్పున చెప్పాడు.

ఆ పుస్తకం ఎలా మొదలవుతుందో గమనించండి. మనిషి తప్పు చేస్తున్న ఆ క్షణంలోనే, ఆ తప్పు చేస్తున్న చేతికే కదిలే శక్తిని దేవుడు ఇస్తూ ఉంటాడు. ఆ శక్తిని ఆపేయగలిగి ఉండీ ఆపకుండా, ఆ అవమానాన్ని సహిస్తాడు. కాబట్టి మీ నుంచి సహాయం పొందుతూనే మిమ్మల్ని నొప్పించే మనిషి విషయంలో మీరు ఆ సహాయాన్ని వెనక్కి తీసుకోకూడదన్నది కోర్దోవెరో చెప్పిన మొట్టమొదటి పాఠం. కెతెర్ అనే అత్యున్నతమైన సెఫిరాకు ఆయన చెప్పిన ఆచరణ కూడా ఇలాంటిదే: ఎదురైన ప్రతి మనిషినీ ప్రసన్నమైన ముఖంతో పలకరించాలి, చెవులు చెడ్డ మాటలకు మూసుకోవాలి. హెసెద్ దగ్గరికి వచ్చేసరికి రోగులను పరామర్శించడం, పేదలకు ఇవ్వడం, అతిథులను ఆదరించడం, చనిపోయినవారికి చివరి సేవ చేయడం, తగవు పడ్డవారిని కలపడం అంటూ ఒక ఊరి జీవితమంతా కనిపిస్తుంది. గెవురా అధ్యాయం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. కోరిక, సంపాదన అనే తీవ్రమైన శక్తులను మనిషి తన కోసం రేపుకోకూడదని, భార్యకు బట్టలూ ఇల్లూ సమకూర్చడం కోసం మృదువుగా వాడుకోవాలని, ఆ పనిలో షెఖీనాను, అంటే లోకంలో నివసించే దైవసన్నిధిని, అలంకరిస్తున్నట్టు భావించాలని ఆయన రాశాడు. ఇంటి కోసం సంపాదించడాన్ని సాధనకు అడ్డంకిగా కాక సాధనగానే ఆయన లెక్కగట్టాడు.

మీరు ఈ పటాన్ని వాడుకోవడం ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. మీ తమ్ముడు మూడోసారి అప్పు అడిగాడనుకోండి. మొదటి రెండు అప్పులూ తీరలేదు. వెంటనే డబ్బు పంపించేయడం హెసెద్ ఒక్కటే పనిచేయడం. 'నా వల్ల కాదు' అని ఫోన్ పెట్టేయడం గెవురా ఒక్కటే పనిచేయడం. గట్టు లేని కాలువ పొలాన్ని ముంచుతుంది, నీళ్లు లేని కాలువలో గట్టు ఉన్నా పైరు ఎండుతుంది. తిఫెరెత్ ఈ రెండింటికీ సగం సగం పంచే మధ్యేమార్గం కాదు. ఎదుటి మనిషికి నిజంగా ఏది మేలు చేస్తుందో చూసి రెండు శక్తులనూ ఒకే పనిలో పెట్టడం. బియ్యానికీ, పిల్లల ఫీజులకూ మీరే నేరుగా కట్టి, చేతికి డబ్బు ఇవ్వకుండా, పాత అప్పుల గురించి మరదలి ఎదుట కాక ఒంటరిగా ఉన్నప్పుడు తమ్ముడితో మెత్తగా, స్పష్టంగా మాట్లాడటం అలాంటి పని కావచ్చు. తర్వాత ఆ మాట మీద నిలబడటానికి నెత్సహ్ కావాలి, పరిస్థితిని మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని తేలితే ఒప్పుకోవడానికి హోద్ కావాలి, ఈ వ్యవహారంలో అన్నదమ్ముల బంధం తెగిపోకుండా యెసోద్ కావాలి. ఇదంతా ఆలోచనగా మిగలకుండా ఈ నెల ఒకటో తేదీన జరిగిన పనిగా మారినప్పుడే మల్ఖూత్ దాకా వచ్చినట్టు.

మొదటి మూడు నెలలు హెసెద్, గెవురా, తిఫెరెత్‌లతోనే గడపండి. రోజూ రాత్రి ఆనాటి సంఘటన ఒకటి తీసుకొని ఏ శక్తి ఎక్కువైంది, ఏది లోపించింది అని రెండు వాక్యాలు రాసుకోండి. పై మూడు సెఫిరోత్ గురించిన ఊహాగానాలు ఆ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మీ పనిలో సంకల్పం చేర్చండి

మరణానంతరం మనిషిని తీర్పుకు తెచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న "వ్యాపారంలో నిజాయితీగా ఉన్నావా?" అని, ఆ తర్వాతి ప్రశ్న "తోరా కోసం వేళ కేటాయించావా?" అని తాల్ముద్ చెబుతుంది. లావాదేవీల నిజాయితీని చదువు కంటే ముందు అడుగుతారన్న సంగతి ప్రతి సాధకుడూ గుర్తుంచుకోదగినది. సఫేద్ పండితులు కూడా లోకానికి దూరంగా బతికినవారు కారు. ఆ పట్టణం ఆనాడు ఉన్ని బట్టల నేతకు పేరుపడ్డది. సృష్టి ఆరంభంలో దివ్యకాంతిని నింపుకున్న పాత్రలు పగిలి, ఆ కాంతి నిప్పురవ్వలుగా ప్రపంచమంతా చెదిరిపోయిందనీ, మనిషి తన పనుల ద్వారా వాటిని తిరిగి పైకెత్తాలనీ బోధించిన యిత్సహాక్ లూరియా (1534–1572) ఈజిప్టులో ఉండగా సరుకుల వ్యాపారం చేశాడు. మిరియాల లావాదేవీకి సంబంధించి ఆయన పేరున్న పత్రం కైరో గెనీజాలో, అంటే అక్కడి యూదు ప్రార్థనామందిరంలో పాత పత్రాలు దాచిన గదిలో, దొరికింది.

లూరియా బోధ ప్రకారం ఆ నిప్పురవ్వలు తిండిలో, పనిముట్లలో, ఎదురయ్యే మనుషుల్లో ఉన్నాయి. వాటిని పైకెత్తడానికి కావలసింది కవ్వానా, అంటే ఏ పని ఎవరి కోసం చేస్తున్నామో ఎరిగి చేసే ఏకాగ్ర సంకల్పం. కబ్బాలా సాహిత్యంలో హనోకు చెప్పులు కుట్టేవాడని ఒక సంప్రదాయ గాథ ఉంది. సూది దిగిన ప్రతిసారీ ఆయన దేవుణ్ణి స్తుతిస్తూ పైలోకాన్ని కిందిలోకంతో కలిపి కుట్టాడట. ఈ గాథను చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనసు ఆకాశంలో ఉండి కుట్టు వంకర పోతే కొన్నవాడి కాలు నొప్పి పుడుతుంది. హనోకు సంకల్పం కుట్టు గట్టిదనంలోనే ఉండాలి గానీ దానికి బయట ఉండకూడదని నా అభిప్రాయం.

మీరు చేయవలసింది ఇది: రోజూ చేసే పనుల్లో ఒక్కదాన్ని, ఉదాహరణకు మొదటి ఫోన్ కాల్‌నో, బిల్లుల తనిఖీనో, వంట మొదలుపెట్టడాన్నో ఎంచుకోండి. దాన్ని మొదలుపెట్టే ముందు ఒక్క శ్వాస పాటు ఆగి, ఈ పని ఎవరికి చేరుతుందో తలచుకోండి. పూర్తయ్యాక దాని నాణ్యత చూసుకోండి. ఒక నెల తర్వాత రెండో పనిని చేర్చండి. ఇంట్లో పనిచేసేవారికి, మీ కింద పనిచేసేవారికి జీతం ఆలస్యం చేయకపోవడం కూడా ఈ సాధనలో భాగమే. కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్న లేవీయకాండపు ఆజ్ఞను ఈ పండితులు అక్షరాలా తీసుకున్నారు.

కోపాన్ని మొదటి శత్రువుగా చూడండి

లూరియా బోధలను గ్రంథస్థం చేసిన శిష్యుడు హయ్యీమ్ వితాల్ (1542–1620), ఆజ్ఞలను పాటించడం కంటే కూడా చెడ్డ గుణాల విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని రాశాడు. మిగతా తప్పులు ఆత్మలో ఒక్కో అవయవాన్ని గాయపరిస్తే కోపం ఆత్మనే మొత్తంగా పెకలించివేస్తుందన్నది ఆయన గురువు నుంచి విన్న మాట. వితాల్ తన తమ్ముడికి పాఠం చెబుతూ, అతనికి సరిగా రానందుకు విసుక్కుంటే, ఆ కోపం విషయంలోనూ గురువు ఆయనను మందలించాడు. మంచి ఉద్దేశంతో, చదువు కోసమే వచ్చిన కోపాన్ని సైతం లూరియా మినహాయించలేదు. సాయంత్రం పిల్లల చేత లెక్కలు చేయించే తల్లిదండ్రులందరికీ ఈ ఉదంతం వర్తిస్తుంది. ఉదయం ప్రార్థనకు ముందు "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞను స్వీకరిస్తున్నానని మనసులో చెప్పుకోవాలని కూడా లూరియా నియమం పెట్టాడు. మీరు ప్రార్థనకు కూర్చునే ముందు ఆనాడు ఎదురుకాబోయే కష్టమైన మనిషి ఒకరిని పేరుతో తలచుకొని ఈ మాట అనుకోండి.

వారానికొకసారి ఒక తోడుతో లెక్క చూసుకోండి

కోర్దోవెరో తన సహచరుల కోసం పెట్టిన నియమావళిలో, ప్రతి శుక్రవారం షబ్బాత్‌కు ముందు ఒక సహచరుడితో కూర్చొని ఆ వారంలో రోజురోజుకూ ఏం చేశామో నెమరువేసుకోవాలన్నది ఒకటి. ఒంటరిగా చేసే ఆత్మపరీక్షలో మనకు మనమే లాయర్లం అవుతాం. అందువల్ల మీతో పాటు చదివే ఒక మనిషిని వెతుక్కోండి. ఆ మనిషి మిమ్మల్ని పొగిడేవారు కాకుండా, మీ ఇంటి సంగతులు బయట చెప్పని నమ్మకస్తులై ఉండాలి. ఇరవై నిమిషాలు సరిపోతుంది. గత వారం ఏ గుణం మీద పనిచేశారు, ఎక్కడ జారారు, వచ్చే వారం ఏమిటి అన్న మూడు ప్రశ్నలతో ముగించండి. ఇంట్లో వారిని కూడా అప్పుడప్పుడు అడగండి: "ఈ చదువు మొదలుపెట్టాక నేను మీతో మెరుగ్గా ఉంటున్నానా?" అని. వారి జవాబును వాదించకుండా వినడం తిఫెరెత్ అధ్యాయంలో కోర్దోవెరో పండితులకు చెప్పిన నిగర్వానికి మంచి పరీక్ష.

ఏడో రోజును కాపాడుకోండి

ఆరు రోజుల పనినీ ఆధ్యాత్మిక జీవితాన్నీ కలిపి కట్టే ముడి షబ్బాత్. శుక్రవారం సాయంత్రం సఫేద్ పండితులు షబ్బాత్‌ను రాణిలా ఆహ్వానించడానికి పొలాల్లోకి వెళ్లేవారు. ఆ పండితుల్లో ఒకరైన షెలోమో అల్కబేత్స్ ఆహ్వాన గీతంగా రాసిన 'లెఖా దోదీ' నేటికీ యూదు ప్రార్థనామందిరాల్లో శుక్రవారం రాత్రి పాడతారు. యూదులు కానివారికి షబ్బాత్ నియమాలు బాధ్యత కావు. అయినా దాని వెనక ఉన్న క్రమాన్ని మీ విశ్రాంతి రోజుకు అన్వయించుకోవచ్చు. ముందు రోజు సాయంత్రానికల్లా కొనుగోళ్లు, వంట సన్నాహాలు, ఆఫీసు మెయిళ్లు ముగించండి. కొన్ని గంటల పాటు కొత్త సంపాదన, కొత్త ప్రణాళిక ఏదీ లేకుండా ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేయండి. సన్నాహం భారమంతా ఇంట్లో ఒక్కరి నెత్తిన పడితే అది విశ్రాంతి అనిపించుకోదు, కాబట్టి పనులు పంచుకోండి. మొదట చెప్పిన కథలోని మిర్టిల్ కొమ్మల ముసలాయన తన కట్టలను తానే మోసుకెళ్లాడు.

నలభై తొమ్మిది రోజుల అభ్యాసం

పస్కా పండుగ రెండో రాత్రి నుంచి వారాల పండుగ అయిన షవుఓత్ వరకు యూదులు నలభై తొమ్మిది రోజులు లెక్కిస్తారు. దీన్ని ఓమెర్ లెక్కింపు అంటారు. హెసెద్ నుంచి మల్ఖూత్ వరకు ఉన్న ఏడు సెఫిరోత్‌కు ఏడు వారాలను, ప్రతి వారంలోనూ మళ్లీ ఆ ఏడింటికి ఏడు రోజులను కబ్బాలా సంప్రదాయం కేటాయించింది. మొదటి రోజు హెసెద్‌లోని హెసెద్, రెండో రోజు హెసెద్‌లోని గెవురా, ఎనిమిదో రోజు గెవురాలోని హెసెద్, ఇలా సాగి చివరి రోజు మల్ఖూత్‌లోని మల్ఖూత్ వస్తుంది. ముప్పై మూడో రోజు హోద్‌లోని హోద్. షిమోన్ బార్ యొహాయ్ పుణ్యతిథిగా భావించే ఆ రోజున సఫేద్ సమీపంలోని మెరోన్‌లో ఆయన సమాధి దగ్గరికి జనం తండోపతండాలుగా వస్తారు.

ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకొక గీత చొప్పున ఈ అభ్యాసం చేయండి. రెండో రోజున, 'నేను ఇచ్చే సహాయానికి హద్దు ఎక్కడ ఉండాలి?' అని అడగండి. ఎనిమిదో రోజున, 'నేను పెట్టే క్రమశిక్షణ ప్రేమ నుంచి వస్తోందా, అలసట నుంచి వస్తోందా?' అని అడగండి. జవాబు ఆనాటి ఒక నిర్దిష్టమైన పనిగా ఉండాలి.

ఉత్సాహం పొంగినప్పుడూ మనసు జారినప్పుడూ

సెఫెర్ యెత్సీరా అనే ప్రాచీన గ్రంథం, నీ హృదయం పరుగెత్తితే దాన్ని తిరిగి దాని చోటికి తీసుకురా అంటుంది. యెహెజ్కేలు దర్శనంలోని జీవులు పరుగెత్తుతూ తిరిగి వస్తూ ఉండటమే దానికి ఆధారం. చదువులో ఒకానొక రోజు గొప్ప వెలుగు కనిపించినట్టు అనిపిస్తే, వెంటనే ఎవరికైనా ఉపయోగపడే చిన్న పని ఒకటి చేయండి. ఉద్యోగం మానేయాలి, సంసారం వదలాలి అనిపించే ఉద్వేగంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మనసు జారే రోజుల గురించి 1796లో అచ్చయిన తాన్యా గ్రంథంలో లియాదికి చెందిన ష్నెయూర్ జల్మన్ ఎంతో ఓదార్పు ఇచ్చే సలహా ఇచ్చాడు. ఆయన ఆదర్శంగా చూపిన మనిషి మహర్షి కాడు, లోపల పోరాటం ఆగకపోయినా తన ఆలోచన, మాట, చేత అనే మూడింటిపై అదుపు నిలుపుకునే మధ్యస్థుడు. వ్యాపారం చేసుకుంటున్న వేళ అవాంఛితమైన ఆలోచనలు వస్తే కుంగిపోవద్దని, వాటి నుంచి మనసు మళ్లించడం కూడా ఒక ఆజ్ఞను నెరవేర్చడమే కాబట్టి సంతోషించమని ఆయన చెప్పాడు. పశ్చాత్తాపానికి వేరే వేళ పెట్టుకోవాలి, పని మధ్యలో దానికి చోటివ్వకూడదు. అయితే నిద్ర పట్టకపోవడం, మాటలు వినిపించడం, వారాల తరబడి వీడని దిగులు వంటివి ఉంటే చదువు ఆపి ముందు డాక్టర్‌ను కలవండి.

గురువు, డబ్బు, తర్వాతి పుస్తకాలు

ఎర్ర దారాలు, మంత్రించిన నీళ్లు, ఐశ్వర్యం తెచ్చే అక్షరాలు అమ్మేవారి నుంచి దూరంగా ఉండండి. మంచి గురువు మిమ్మల్ని మీ కుటుంబం నుంచి విడదీయడు, ప్రశ్నలకు కోపగించుకోడు, పైస్థాయి రహస్యానికి పైస్థాయి రుసుము అడగడు. పుస్తకాల ధరకో పాఠానికో న్యాయమైన రుసుము చెల్లించడంలో తప్పు లేదు.

చదవవలసిన వరుస ఇది: పిర్కే అవోత్ తర్వాత తోమెర్ దెవోరా, ఆ తర్వాత మోషె హయ్యీమ్ లుజ్జత్తో 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించిన మెసిల్లత్ యెషారీమ్. జాగ్రత్త నుంచి పవిత్రత వరకు ఒక్కో గుణాన్ని మెట్టుగా చూపే ఈ చివరి పుస్తకాన్ని తొందరపడకుండా ఏడాది పాటు చదవవచ్చు. జోహర్ వంతు దాని తర్వాత వస్తుంది. 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో, మోషె దె లియోన్ కాలంలో వెలుగులోకి వచ్చిన ఆ గ్రంథం చాలా భాగం తోరాకు వ్యాఖ్యానంగా సాగుతుంది. కాబట్టి ప్రార్థనామందిరాల్లో ఆ వారం చదివే తోరా భాగాన్ని ముందు బైబిల్‌లో పూర్తిగా చదివి, ఆ భాగంపై జోహర్ నుంచి వ్యాఖ్యాసహితమైన ఒక్క ఘట్టాన్ని మాత్రమే తీసుకొని, శుక్రవారం మీ తోడుతో కూర్చున్నప్పుడు దాని గురించి మాట్లాడండి.